ఇంటి జెల్లీఫిన్‌ను బయటి నుంచి చూడాలంటే పోర్ట్ తెరవాలా, టెయిల్‌స్కేల్ పెట్టాలా?

నిజాంపేట_నెట్
మన వీడియోలను మన ఇంటి కంప్యూటర్ నుంచే టీవీల్లో చూపించే ప్లెక్స్‌లో 2025 ఏప్రిల్ 29 నుంచి ఇంటి బయట నుంచి చూడాలంటే డబ్బు కట్టాల్సిందే. ప్లెక్స్ పాస్ అయినా ఉండాలి, నెలకు 1.99 డాలర్ల రిమోట్ వాచ్ పాస్ అయినా ఉండాలి. లైఫ్‌టైమ్ పాస్‌ను కూడా అదే రోజు 119.99 నుంచి 249.99 డాలర్లకు పెంచారు. దాంతో నేను అదే పని ఉచితంగా చేసే జెల్లీఫిన్‌కి మారాను. హైదరాబాద్‌లో మా ఇంట్లో బ్రహ్మాండంగా నడుస్తోంది. ఇప్పుడు తెనాలిలో అమ్మానాన్నల టీవీలో అన్నయ్య పెళ్లి వీడియోలు, పాత సినిమాలు రావాలి. రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డ్ చేసి (బయటి నుంచి సర్వర్‌కి దారి తెరిచి) ఒక డొమైన్ పెట్టేస్తే పని అయిపోతుంది కదా? అందరూ మన పరికరాలను మాత్రమే కలిపే వీపీఎన్, టెయిల్‌స్కేల్, పెట్టమంటున్నారు. నిజంగా అంత అవసరమా?

గోదారోడు
అవసరం లేదు. ముందు క్యాడీ లాంటి రివర్స్ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చేవాటిని ముందు తనే అందుకుని సర్వర్‌కి పంపేది) పెట్టండి, ఎన్‌క్రిప్షన్‌కి కావాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ అదే తెచ్చుకుంటుంది, గడువు దగ్గర పడితే అదే మార్చుకుంటుంది. బయటికి హెచ్‌టీటీపీఎస్ పోర్ట్ 443 ఒక్కటే తెరవండి, జెల్లీఫిన్ పోర్ట్ 8096ని నేరుగా ఇవ్వొద్దు. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టండి. టీవీలో సర్వర్ అడ్రస్ ఒక్కసారి కొడితే చాలు, మళ్లీ ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో చూడమని అమ్మకు ఫోన్‌లో చెప్పి చూడండి, తర్వాత మాట్లాడుకుందాం.

కెర్నల్_కాకా
గోదారోడు గారు చెప్పినవన్నీ చేయాల్సినవే, కాదనను. కానీ అవి జెల్లీఫిన్ లోపలి లోటును పూడ్చవు. కొన్ని వీడియో అడ్రస్‌లకు అది లాగిన్ అడగదు. ఐటెమ్ ఐడీ తెలిస్తే చాలు, ఫైల్ వచ్చేస్తుంది. ఆ ఐడీ ఏమో ఫైల్ ఉన్న ఫోల్డర్ దారి నుంచి తయారవుతుంది కాబట్టి ఊహించడం అసాధ్యమేమీ కాదు. ఈ లోపాల జాబితా వాళ్ల కోడ్ ఉండే గిట్‌హబ్‌లోనే 2021 నుంచి ఉంది, రహస్యం కాదు.

ఇంకోటి. మీ సబ్‌డొమైన్ ఎవరికీ చెప్పలేదు కదా, ఎవరు వస్తారులే అనుకుంటారు చాలామంది. సర్టిఫికెట్ తీసుకోగానే ఆ పేరు పబ్లిక్ లాగ్‌లలోకి ఎక్కుతుంది. ఆ లాగ్‌లు చూసుకుంటూ కూర్చునే బాట్‌లు ఉంటాయి. వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ (సబ్‌డొమైన్లన్నిటికీ ఒకటే) తీసుకుంటే పేరు బయటపడదు గానీ, ఐపీని స్కాన్ చేసేవాళ్లను అదీ ఆపదు.

2022లో పాస్‌వర్డ్‌లు దాచే కంపెనీ లాస్ట్‌పాస్ సంగతి గుర్తుందా? వాళ్ల సీనియర్ ఇంజనీరు ఒకరి ఇంటి కంప్యూటర్‌లో ఉన్న మీడియా సాఫ్ట్‌వేర్ (ప్లెక్సే) లోపం ద్వారానే దొంగలు లోపలికి వచ్చి, కీలాగర్ (టైప్ చేసేదంతా పట్టే ప్రోగ్రామ్) పెట్టి, మాస్టర్ పాస్‌వర్డ్ పట్టేశారు.

గోదారోడు
కాకా, ఆ ఉదాహరణ ఇక్కడ అతకదు. ప్లెక్స్ చెప్పినదాని ప్రకారం ఆ లోపానికి 2020 మే నెలలోనే ప్యాచ్ వచ్చింది, ఆయన అప్‌డేట్ చేసుకోలేదు. పైగా ఆ లోపం వాడుకోవాలంటే ముందే అడ్మిన్ అకౌంట్ చేతిలో ఉండాలి. అప్‌డేట్ చేయకపోవడం, ఆఫీసు పనీ సినిమాలూ ఒకే మెషిన్‌లో కలపడం, ఇవీ అక్కడి తప్పులు. తెరిచిన పోర్ట్ మీద తోసేస్తే ఎలా?

లాగిన్ అడగని అడ్రస్‌ల విషయం మాత్రం ఒప్పుకుంటా. అయితే దాంతో పోయేది మహా అయితే ఒక సినిమా ఫైల్. సర్వర్ మొత్తం కాదు.

కెర్నల్_కాకా
ఆయన పెట్టబోయేది అన్నయ్య పెళ్లి వీడియోలు. అది "మహా అయితే" కాదు.

ఫైబర్_పద్మ
ఇద్దరూ ఆగండి. అసలు ఆయనకి పోర్ట్ తెరిచే అవకాశం ఉందా? రౌటర్‌లో వాన్ ఐపీ (ప్రొవైడర్ ఇచ్చిన బయటి వైపు అడ్రస్) చూడమనండి. అది 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే సీజీనాట్ వెనక ఉన్నట్టు. ఒకే పబ్లిక్ ఐపీని ప్రొవైడర్ ఎంతోమందికి పంచుతాడు, మీరు రౌటర్‌లో ఏ పోర్ట్ తెరిచినా బయటి నుంచి రావాల్సింది మీ దాకా రాదు. స్టాటిక్ ఐపీ (మీ ఒక్కరికే ఉండే, మారని అడ్రస్) కొనుక్కోవాలి, లేదా రెండు వైపులా ఐపీవీ6 (కొత్త తరం అడ్రస్‌లు) ఉంటే దాని మీద నడపాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్ట్‌కి అనుమతి ఇచ్చి. మన దగ్గర ఇళ్ల కనెక్షన్లలో సీజీనాట్ చాలా మామూలు. అమెరికా ఫోరమ్‌ల గైడ్‌లు చదివి రెండు రోజులు రౌటర్‌తో కుస్తీ పట్టేవాళ్లను చూస్తూనే ఉంటాను.

నిజాంపేట_నెట్
చూశాను. 100.72తోనే మొదలైంది. స్టాటిక్ ఐపీకి నెలనెలా కట్టాలట. మరి బయటి నుంచి వచ్చేదాన్ని వాళ్ల సర్వర్ల మీదుగా మన ఇంటికి తెచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ పెడితే? అది ఉచితమే కదా.

ఫైబర్_పద్మ
ఫొటోలకి సరే. వీడియోకి వద్దు. ఉచిత ప్లాన్‌లో తమ సీడీఎన్ (వాళ్ల సర్వర్ల నెట్‌వర్క్) మీదుగా వీడియో పంపితే ఆపేసే హక్కు తమకుందని వాళ్ల నిబంధనల్లోనే రాసుకున్నారు. పైగా ఎన్‌క్రిప్షన్ వాళ్ల దగ్గర విప్పి మళ్లీ కడతారు. మీ పరిస్థితికి టెయిల్‌స్కేలే. దాని లోపల నడిచేది వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పద్ధతి, సీజీనాట్ ఉన్నా చాలాసార్లు రెండు మెషిన్లను నేరుగా కలిపేస్తుంది.

పెట్టాక `tailscale status` కమాండ్ కొట్టి చూడండి. డైరెక్ట్ అని వస్తే హాయి. రిలే అని వస్తే వాళ్ల సర్వర్ల మీదుగా పోతున్నట్టు, వీడియో ఆగి ఆగి లోడ్ అవుతూనే ఉంటుంది. ఇంకో ముఖ్యమైన సంగతి: డిఫాల్ట్‌గా ప్రతి పరికరం కీ 180 రోజులకు గడువు తీరిపోతుంది. తెనాలి టీవీకి అడ్మిన్ పేజీలో ఆ గడువు ఆపేయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత సరిగ్గా సంక్రాంతికి మీ నాన్నగారి నుంచి ఫోన్ వస్తుంది.

రాత్రి_డ్యూటీ
వీపీఎన్ పెడితే ప్రభుత్వానికి లెక్కలు చెప్పాలి అని 2022లో రూల్ వచ్చింది కదా? టెన్షన్ లేదా?

కెర్నల్_కాకా
అది కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సర్ట్-ఇన్ ఆదేశం. కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు దాచమంది వీపీఎన్ సేవ అమ్మే కంపెనీలను. మీ ఇంటికీ మీ అమ్మగారింటికీ మధ్య గొట్టం వేసుకోవడానికి దాంతో సంబంధం లేదు.

గోదారోడు
సరే, ఇద్దరు పెద్దవాళ్లు, ఒక ఆండ్రాయిడ్ టీవీ, అంతవరకే అయితే టెయిల్‌స్కేలే. నేను అడ్డు చెప్పను. మా ఇంటి లెక్క వేరు. డాలస్‌లో చెల్లి, వాళ్ల అత్తగారు, బెంగళూరులో బావ, సగం మంది టీవీలు శామ్‌సంగ్, ఎల్‌జీ. వాటిలో టెయిల్‌స్కేల్ యాప్ ఎక్కదు. ప్రతి ఇంట్లో ఒక పెట్టె పెట్టి సబ్‌నెట్ రౌటర్ (యాప్ ఎక్కని పరికరాలను టెయిల్‌స్కేల్‌కి కలిపేది) నడపమంటారా? నేను ముంబైలో చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకుని, ఇంటి నుంచి దానికి వైర్‌గార్డ్ వేసి, 443 అక్కడే తెరిచాను. ఇంటి రౌటర్‌లో ఏదీ తెరవలేదు.

కెర్నల్_కాకా
ఇంట్లో తెరవలేదు గానీ జెల్లీఫిన్ లాగిన్ పేజీ మాత్రం ప్రపంచానికి కనిపిస్తూనే ఉంది. తలుపు ముంబైకి మారింది, అంతే. కనీసం ఆ సర్వర్‌ను వేరే వీలాన్‌లో (ఇంట్లో మిగతా పరికరాలతో కలవని నెట్‌వర్క్ భాగంలో) పెట్టండి, సినిమాల ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీగా ఇవ్వండి.

గోదారోడు
రీడ్-ఓన్లీ ఎప్పుడో చేశా. వీలాన్ ఇంకా లేదు.

నిజాంపేట_నెట్
తెనాలికి టెయిల్‌స్కేల్ పెట్టేస్తున్నా. టీవీ నుంచి 8096 తప్ప మా ఇంట్లో ఇంకేదీ కనపడకుండా యాక్సెస్ రూల్స్ రాయాలి. పద్మ గారూ, అక్కడ డౌన్‌లోడ్ 20 ఎంబీపీఎస్, నా అప్‌లోడ్ 50. పెళ్లి వీడియోలు 4కే, ఒక్కొక్కటి 60 ఎంబీపీఎస్ పైనే. ట్రాన్స్‌కోడ్ (పంపేటప్పుడే తక్కువ బిట్‌రేట్‌కి మార్చడం) చేయించాలా?

ఫైబర్_పద్మ
చేయించాలి. 60 ఎంబీపీఎస్ ఫైల్ మీ 50 అప్‌లోడ్‌లోనే పట్టదు, తెనాలి దాకా ఎందుకు. వాళ్ల యూజర్‌కి బిట్‌రేట్ పరిమితి 8 ఎంబీపీఎస్ పెట్టండి, 1080పీకి సరిపోతుంది. మీ డెస్క్‌టాప్‌లో ఇంటెల్ చిప్ ఉంటే క్విక్‌సింక్ (వీడియో మార్చే పని చిప్‌లోనే చేసే సౌకర్యం) ఆన్ చేయండి. ఏ తరం చిప్పో చెప్పండి, పాతదైతే 4కే ఫైల్‌ను అది డీకోడ్ చేయగలదో లేదో చూడాలి.