ఇంట్ల చిన్న పిల్లలకు లెక్కల ట్యూషన్ పెడ్దామనుకుంటున్న, ఆరుగురికి మించకుండ నడుస్తదా?

పాలమూరు_వాకిలి:

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ దిక్కు ఉంటం. నేను బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసిన, పెండ్లికి ముందు రెండేండ్లు ప్రైవేట్ స్కూల్ల చెప్పిన, తర్వాత పిల్లలు ఇల్లు అని అట్లనే ఆగిపోయింది. ఇప్పుడు మా చిన్నోడు కూడ ఒకటో తరగతికి పోతుండు కాబట్టి సాయంత్రం గంటన్నర నా చేతిల ఉంటది, ఇంటి ముంగట వరండా ఉంది, చాప ఏస్తే ఆరుగురు పిల్లలు కూసుంటరు. లెక్కలు ఒక్కటే చెప్పాలని ఉంది, అన్ని సబ్జెక్టులు కాదు.

ఎందుకు అనిపించిందంటే మా పక్కింటి పిల్లగాడు మూడో తరగతి, 15వ ఎక్కం దాకా గడగడ చెప్తడు, చుట్టాలొస్తే వాళ్ల అమ్మ నిలవెట్టి చెప్పిస్తది కూడ. మొన్న మా ఇంట్ల కూసొని హోంవర్క్ చేస్తుంటే చూసిన, 52 లకెల్లి 27 తీసేస్తే 35 అని రాసిండు. ఎట్లొచ్చిందిరా అంటే 7 లకెల్లి 2 పోతే 5, 5 లకెల్లి 2 పోతే 3 అన్నడు. పెద్దదాంట్లకెల్లి చిన్నది తీసెయ్యాలె అని ఎప్పుడో ఎవరో చెప్పిన్రట, వాడు అదే చేసిండు, వాని దృష్టిల తప్పే లేదు. వీడు పోయే ట్యూషన్‌ల పాతిక మంది ఉంటరు, నోట్‌బుక్కు నిండ టిక్కులే, అన్నీ బోర్డు మీదికెల్లి ఎక్కించుకున్నవి.

ఇగ నా డౌట్లు ఏందంటే రెండు నుంచి ఐదో తరగతి దాకా కలిపి కూసోబెట్టొచ్చా లేకపోతే వేరే వేరే బ్యాచులు పెట్టాల్నా, ఫీజు ఎంత అడగాలె, తల్లిదండ్రులు హోంవర్క్ చేపిస్తవా అనే మొదటి ప్రశ్న అడుగుతున్నరు దానికి ఏం చెప్పాలె, ఇంకోటి మా ఆడబిడ్డ వాట్సాప్‌ల ఒక మెసేజ్ పంపింది, 16 ఏండ్ల లోపు పిల్లలకు కోచింగ్ చెప్తే ఫైన్ ఏస్తరని, అది నిజమేనా? మా ఆయన గవర్నమెంట్ స్కూల్ల ఎస్జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్, నేను కూడ వచ్చి గంట చెప్త అంటుండు. అనుభవం ఉన్నోళ్లు జర చెప్పుండ్రి.

సుద్దముక్క:

అమ్మా, 30 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లోనే పనిచేసి రిటైరైన వాడిని, ఎక్కువ కాలం దేవరకొండ వైపు ఊళ్లలో.

ముందు చట్టం సంగతి చెప్తాను. మీ ఆయన గవర్నమెంట్ టీచర్ కాబట్టి ఆయన చెప్పకూడదు, 2009 విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్‌లో టీచరు ప్రైవేట్ ట్యూషన్ చెప్పరాదని సూటిగా ఉంది. చాప పరవమనండి, మీకు టీ పెట్టమనండి, పాఠం మాత్రం మీరే చెప్పండి. మీ ఆడబిడ్డ పంపిన మెసేజ్ 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ రాష్ట్రాలకు పంపిన మార్గదర్శకాల గురించి అయి ఉంటుంది, 16 ఏళ్ల లోపు వాళ్లను చేర్చుకోవద్దన్న మాట అందులో ఉన్నది నిజమే, కానీ అది కోచింగ్ సెంటర్లకు, 50 మందికి మించి చెప్తేనే కోచింగ్ అని అందులోనే రాశారు. మీ వరండాలో ఆరుగురు.

ఇక అసలు విషయం. తరగతి చూసి కూర్చోబెట్టకండి. ఐదో తరగతి పిల్లకు తీసివేత రాకపోవచ్చు, రెండో తరగతి వాడికి వచ్చి ఉండొచ్చు. అసర్ సర్వే వాళ్లు 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లలను పరీక్షిస్తున్నారు కదా, వాళ్ల పద్ధతి నాకు చాలా ఉపయోగపడింది. ముందు అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత ఇస్తారు. అది వస్తే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటారు. రాకపోతే వెనక్కి వెళ్లి 11 నుంచి 99 దాకా సంఖ్యలు గుర్తుపడుతున్నాడా చూస్తారు, అదీ రాకపోతే 1 నుంచి 9. ఒక్కో పిల్లవాడికి పది నిమిషాలు కూడా పట్టదు. ఎవరు ఎక్కడ ఆగారో అక్కడి నుంచి మొదలుపెట్టండి, సిలబస్ ఎక్కడుందో చూడకండి. మన తెలంగాణ సర్కారు బడుల్లో 2022లో చదవడం, రాయడం, లెక్కల కోసం తొలిమెట్టు కార్యక్రమం వచ్చినప్పుడు కూడా చెప్పింది ఇదే, పిల్లవాడి స్థాయి చూడమని. బడిలో ఒక్క టీచరు ఐదు తరగతులు చూసుకుంటూ చేయడం వేరు, మీరు ఆరుగురితో చేయడం వేరు, మీకు చాలా సులువు.

నేను దీనికి ఇంకొకటి కలిపేవాణ్ని. మూడు వందల ఐదు అని నోటితో చెప్పి రాయమనండి. 3005 అని రాసేవాళ్లు మీరు అనుకున్న దానికంటే ఎక్కువ ఉంటారు. 300 రాసి పక్కన 5 పెడతారు, చెవికి ఎట్లా వినపడిందో అట్లా. స్థానవిలువ రాని పిల్లవాడికి తీసివేత ఎన్నిసార్లు చెప్పినా నిలవదు, నేను మొదటి పదేళ్లు ఈ తప్పే చేశాను.

బత్తాయితోట_నల్లగొండ:

సార్ చెప్పింది బాగనే ఉంది గానీ ఒక తండ్రిగా చెప్తున్న, కోప్పడకుండ్రి. నేను, మా ఇంటామె ఇద్దరం జాబ్‌కు పోతం, ఇంటికొచ్చేసరికి ఏడున్నర, అప్పుడు పిల్లగాడు నాలుగు సబ్జెక్టుల హోంవర్క్ ముందల పెట్టుకొని ఏడుస్తుంటే ఎట్లుంటదో మీకు తెల్వది. రేపు డైరీల సంతకం లేకపోతే స్కూల్ల నిలవెడ్తరు. అందుకే హోంవర్క్ చేపిస్తవా అని అడుగుతం, చదువు మీద ప్రేమ లేక కాదు. అక్కా మీరు హోంవర్క్ అస్సలు చూడ అంటే మంచి మంచి తల్లిదండ్రులు కూడ రారు. పోయినేడు మా వాణ్ణి ఒక దగ్గర ఏసినం, నెలకు 800, అన్ని సబ్జెక్టులు, హోంవర్క్ టంచన్‌గ అయిపోతుండె, పరీక్షల లెక్కల్ల 50 కి 19 వచ్చినయి. అంటే అది కూడ పనికి రాలేదు అనుకోండ్రి. కానీ ఏం చెయ్యాలె మరి.

మిల్లురోడ్డు_టీచరక్క:

నేను మిర్యాలగూడల ఐదేండ్ల నుంచి ఇదే చేస్తున్న, చిన్న పిల్లలకు లెక్కలు, ఇంగ్లీషు చదువుడు. నా సంగతి చెప్త, మీ ఊరికి సరిపోకపోతే వదిలెయ్యండి.

హోంవర్క్‌కు చివరి 20 నిమిషాలు ఇస్త, లెక్కల హోంవర్క్ మాత్రమే, అది కూడ వాళ్లే చేసుకోవాలె, నేను చెయ్యి పట్టి రాయించ. తప్పు చేస్తే తప్పుతోనే పంపిస్త, పక్కన చిన్న గీత గీస్త. మొదట్ల ఇద్దరు అమ్మలు కొట్లాటకొచ్చిన్రు, డబ్బులు తీసుకొని తప్పులు పంపిస్తవా అని. ఒకామె మానిపించింది, ఒకామె ఉన్నది. పోయినామె పిల్ల ఇప్పుడు పాతిక మంది దగ్గర ఉంది, అప్పుడప్పుడు నాకు మార్కెట్‌ల కనవడ్తది, నమస్తే మేడం అంటది, నాకు జర బాధైతది.

ఆరుగురికంటే ఎక్కువ వద్దు, నేను 11 మంది దాకా పోయి మళ్ల ఎనకకొచ్చిన. ఆరుగురైతే ఎవని పెన్సిల్ ఎక్కడ ఆగిందో కూసున్న కాడికెల్లి కనవడ్తది. ఫీజు నేను 500 తీసుకుంట, మీ దగ్గర 400 నడుస్తదేమో అడిగి చూడండి, ఒకటే ఇంటికెల్లి ఇద్దరొస్తే రెండోవానికి జర తగ్గిస్త. నెల మొదట్లనే తీసుకోండి మొహమాటపడకుండ, దసరా సెలవులొస్తే సగం అడుగుతరు, మార్చిల ఒంటిపూట బడులు మొదలైనంక మధ్యాహ్నం పంపిస్తం అంటరు, అవన్నీ ముందుగాలనే మాట్లాడుకోండి. నాకైతే ఆదివారం సెలవని కూడ రాసి గోడకు పెట్టాల్సొచ్చింది.

ఇగ తీసివేత గురించి. అప్పు తెచ్చుకొనుడు అనే మాట నేను మానేసిన. ఎందుకంటే రెండేండ్ల కిందట ఒక పిల్లగాడు, మంచి తెలివైనోడు, మేడం అప్పు తెచ్చినం కదా మళ్ల ఎప్పుడు ఇస్తం అని అడిగిండు. నాకు నోట మాట రాలే. నిజమే కదా, అప్పు అంటే తిరిగియ్యాలె, లెక్కల మాత్రం తెచ్చుకున్నది ఎప్పుడూ ఇయ్యం. అది అప్పు కాదు, చిల్లర మార్చుకొనుడు. అప్పటికెల్లి పది రూపాయల నోట్లు, రూపాయి బిళ్లలు పెట్టి చెప్తున్న. నీ దగ్గర ఐదు పది నోట్లు, రెండు బిళ్లలు ఉన్నయి, నాకు 27 ఇయ్యాలె. రెండు నోట్లు ఇచ్చిండు, ఇంకా ఏడు బిళ్లలు ఇయ్యాలె, చేతుల రెండే ఉన్నయి, ఏం చేస్తవ్? ఎవడైనా సరే చిల్లర కావాలె మేడం అంటడు. ఒక నోటు ఇచ్చి పది బిళ్లలు తీసుకుంటడు, ఇప్పుడు 12 ఉన్నయి, ఏడు ఇచ్చిండు, మిగిలింది రెండు నోట్లు ఐదు బిళ్లలు. దీన్ని వారం రోజులు ఆడించి ఆ తర్వాతనే కాగితం మీద రాయించండి, పక్కన చిన్నగ 12 అని రాసుకునేది ఎందుకో అప్పుడు చెప్పే పని లేదు. నిజం పైసలే పెట్టండి, షాపుల దొరికే ఉత్తుత్తి నోట్లను పిల్లలు లెక్కచెయ్యరు. పోయేటప్పుడు మాత్రం లెక్క చూసుకోండి నవ్వకండి, నావి మొదటి నెల ఆరు రూపాయలు తక్కువొచ్చినయి.

జడ్చర్ల_కిరాణం:

అక్కా మీ దిక్కు ఉర్దూ మాట్లాడే పిల్లలు కూడ వస్తరు కదా, ఒక ముచ్చట గుర్తు పెట్టుకోండి. తెలుగుల పదకొండు నుంచి పంతొమ్మిది దాకనే జర గజిబిజి, ఇరవై దాటినంక సాఫ్‌గ ఉంటది, ఇరవై ఒకటి ఇరవై రెండు. మా ఇంట్ల అట్ల కాదు, ప్రతి అంకెకు ఒక పేరు. 19 ఉన్నీస్, 29 ఉంతీస్, 39 ఉంతాలీస్, వినంగనే తీస్, చాలీస్ చెవుల పడ్తయి, మా పాప ఉంతీస్ అంటే ముప్పై దగ్గర కెల్లి రాస్తుండె. స్కూల్ల ఇంగ్లీష్ మీడియం, అక్కడ థర్టీన్ థర్టీ ఒకటే లెక్క వినపడ్తది. అంటే ఒక్క పిల్లకు మూడు భాషల అంకెలు. లెక్క రాక కాదు, పేరు రాక ఆగుతరు ఒక్కోసారి. అంకె చూపించి నీ మాటల్ల చెప్పు అంటే సరిపోతది.

సుద్దముక్క:

జడ్చర్ల భాయ్ మంచి మాట చెప్పారు, నాకు 30 ఏళ్లలో ఇది తట్టలేదు.

అమ్మా, ఎక్కాల గురించి ఒక్క మాట మరిచిపోయాను. ఎక్కాలు వద్దని ఎవరైనా చెప్తే వినకండి, నోటికి రావాల్సిందే. కానీ మీ పక్కింటి పిల్లవాణ్ణి 7 ఎనిమిదులు ఎంత అని మధ్యలో అడిగి చూడండి, ఏడొకట్ల ఏడు నుంచి మొదలుపెడతాడు. అది పాట, ఎక్కం కాదు. 7 నాలుగులు 28, దానికి రెట్టింపు 56 అని దారి చూపించండి. ఖాళీ గుడ్ల ట్రే ఒకటి తెచ్చుకోండి, ఇటు ఐదు గుంటలు, అటు ఆరు, మొత్తం 30. ట్రేను అడ్డం తిప్పితే ఆరు ఐదులు, అప్పుడూ 30. సగం ఎక్కాలు కొత్తగా నేర్చుకోనక్కర్లేదని పిల్లలకే అర్థమవుతుంది, చాలా సంతోషపడతారు.

పాలమూరు_వాకిలి:

అందరికీ చాలా థాంక్స్, పది రోజులైంది మెసేజ్ పెట్టక. మా ఆయనకు 28వ సెక్షన్ చదివి వినిపించిన, నాకు తెల్వదా అన్నడు, మరి తెలిసి ఎందుకు వస్త అన్నవ్ అంటే మాట్లాడలే. టీ మాత్రం పెడ్తుండు.

ఐదుగురు వచ్చిన్రు. సుద్దముక్క సార్ చెప్పిన పరీక్ష పెట్టిన, ఐదో తరగతి పిల్ల భాగహారం దాకా కూడ రాలే, తీసివేత కాడనే ఆగింది, 305 మాత్రం సరిగనే రాసింది. వాళ్ల అమ్మకు ఎట్ల చెప్పాలెనో తెల్వక రెండు రోజులు ఊకున్న. పక్కింటోడు 3005 రాసిండు, సార్ చెప్పినట్టే. విచిత్రం ఏందంటే రెండో తరగతి పిల్లగాడు ఒకడు, వాళ్ల నాయినకు బస్టాండ్ కాడ చిన్న దుకాణం ఉంది, కాగితం మీద 52 లకెల్లి 27 ఇస్తే 35 అనే రాసిండు వాడు కూడ, కాగితం పక్కన పెట్టి 27 రూపాయల సామాన్ తీసుకొని 52 ఇచ్చిన్రురా ఎంత వాపస్ ఇస్తవ్ అంటే నోటితోనే 25 అన్నడు, అని మళ్ల యాభై రెండు ఎందుకిస్తరు ఆంటీ చిల్లర లేదా అని అడిగిండు. వాడు కాగితం మీద రాసింది, నోటితో చెప్పింది రెండూ పక్కపక్కన పెట్టి ఏది కరెక్టురా అంటే చాలాసేపు చూసి, దుకాణంలైతే ఇది, స్కూల్లైతే అది అన్నడు!!

నల్లగొండ అన్నా మీరు చెప్పింది కూడ నిజమే, టీచరక్క లెక్కనే చివరికి 20 నిమిషాలు హోంవర్క్‌కు ఇస్తున్న. ఫీజు 400 అన్న, ఒకామె 300 కు దిగమన్నది, దిగలే.

ఒక్కటే డౌట్, చిన్నోళ్లకు పది పది కుప్పలు పెట్టనీకి చింతగింజలు తెచ్చిన, వారంలనే పురుగు పట్టినయి, ఏం చెయ్యాలె?

మిల్లురోడ్డు_టీచరక్క:

మంచిగ కడిగి రెండు రోజులు ఎండకు ఆరబెట్టి, పెనం మీద జర వేయించి డబ్బల పోసుకోండి, పట్టది. ఐదో తరగతి పిల్ల అమ్మకు రాలేదు అని చెప్పకండి, నెల తర్వాత అదే పరీక్ష మళ్ల పెట్టి, ఇప్పటి కాగితం, అప్పటి కాగితం పక్కపక్కన పెట్టి చూపించండి.

జడ్చర్ల_కిరాణం:

గుడ్ల ట్రేలు మా దుకాణంల బొచ్చెడు ఉన్నయి, మహబూబ్‌నగర్ వచ్చినప్పుడు నాలుగు తెస్త, పైసలు వద్దు. ఆ బస్టాండ్ పిల్లగాణ్ణి మాత్రం నాకు ఒకసారి చూపియ్యండి, ఎండాకాలం సెలవుల్ల గల్ల మీద కూసోబెట్టుకుంట.