మాండొలిన్ మీద బ్లూగ్రాస్ నేర్చుకోవాలంటే ముందుగాల ఏం పట్టుకోవాలె?

పాలమూరు_తీగ:
అందరికి నమస్తే. మాది జడ్చర్ల. మాండొలిన్ అంటే నాకు చిన్నప్పటి సంది శ్రీనివాస్ గారే, పొద్దున పొద్దున మా బాపు క్యాసెట్ పెట్టేటోడు. ఈ మధ్య యూట్యూబ్‌ల బ్లూగ్రాస్ అనే అమెరికా పల్లె సంగీతం వీడియో ఒకటి కనబడ్డది, అయిదుగురు ఒక్క మైక్ ముంగట నిలబడి వాయిస్తున్నరు, డ్రమ్స్ లేవు ఏం లేవు, అయినా కాలు ఊకుంటలేదు, గప్పటి సంది ఇగ అదే వింటున్న. హైదరాబాద్ పోయి ఎనిమిది తీగల మాండొలిన్ కొన్న, ఏ-స్టైల్‌ది, అంటే నీటి బొట్టు ఆకారంది. మా దగ్గర ఒక సార్ ఉన్నరు, కర్ణాటక సంగీతం ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద నేర్పిస్తరు, మంచి సారే కానీ ఆయన శ్రుతి వేరే, సా పా సా పా అని పెడతరు, నేను చూసే వీడియోలల్ల జీ డీ ఏ ఈ అంటున్నరు. ఆయన దగ్గరికి పోవాల్నా వద్దా?

ఇంకోటి, వాళ్లు కొట్టే ఆ "చక్, చక్" అనే దెబ్బ నాకు వస్తనే లేదు, తీగలు గొయ్యిమని మోగుతూనే ఉంటయి. మొదటి మెట్టు (ఫ్రెట్) మీద తీగ నొక్కాలంటే వేళ్లు కోసుకపోతున్నయి. ఇది అందరికి ఉండేదేనా? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

నల్లగొండ_ఫ్రెట్:
తమ్మీ, ముందుగాల ఆ మొదటి మెట్టు సంగతి చూడు, మిగతాది తర్వాత. వేళ్లు కొన్ని రోజులు నొస్తయి, నిజమే, జతకు రెండు తీగలు నొక్కాలె కదా, కానీ మొదటి మెట్టు మీదనే అంత కష్టం, అయిదో మెట్టు మీద అంత లేదు అంటే అది నీ వేళ్ల తప్పు కాదు, నట్ (మెడ చివర తీగలు ఆనే ముక్క) గాడులు పైకి ఉన్నట్టు. తక్కువ ధర వాయిద్యాలల్ల ఇది మస్తు ఉంటది. ఒక్క పని చెయ్యి, మూడో మెట్టు దగ్గర తీగ నొక్కి పట్టుకొని మొదటి మెట్టు మీద ఎంత సందు ఉన్నదో చూడు. సన్న కాయితం పట్టేంత ఉంటే సరిపోయింది, కంటికి కొట్టొచ్చినట్టు కనబడితే గాడులు దిగాలె. నువ్వు మాత్రం ఆకురాయి పట్టకు, ఒక్కసారి ఎక్కువ అరిగితే తీగ మెట్టుకు తాకి జిర్రుమంటది, గిటార్లు బాగుచేసేటోళ్లకు ఇయ్యి.

తర్వాత బ్రిడ్జి, అంటే డొక్క మీద తీగలు ఆనే కట్టె. మాండొలిన్‌కు బ్రిడ్జి అతికించి ఉండదు, తీగల బరువుకే నిలబడి ఉంటది, దుకాణం నుంచి బస్సుల వచ్చేసరికి జరిగిపోతది. పన్నెండో మెట్టు మీద వేలు నొక్కకుండ ఊరికె ఆనిచ్చి మోగించు, ఆ సన్నటి మోతను హార్మోనిక్ అంటరు, తర్వాత అదే మెట్టు నొక్కి మోగించు, ట్యూనర్‌ల రెండూ ఒక్కటే చూపియ్యాలె. నొక్కింది ఎక్కువ చూపిస్తే బ్రిడ్జిని తోక దిక్కు ఒక వెంట్రుకవాసి జరుపు. ఇది చెయ్యకుంటే ఎంత ట్యూన్ చేసినా కింద కార్డ్ (ఒక్కసారి మోగే స్వరాల గుంపు) మంచిగుంటది పైన కార్డ్ పాడైతది, మనకు చెవి లేదేమో అని నారాజ్ అయితం.

దేవరకొండ_అక్క:
పై తమ్ముడు చెప్పింది అక్షరాల నిజం. ఆ "చక్" గురించి నేను చెప్త, ఎందుకంటే బ్లూగ్రాస్‌ల మాండొలిన్ పని సగం అదే, దాన్ని చాప్ అంటరు. డ్రమ్స్ లేవు అన్నవ్ కదా, డ్రమ్ పని మాండొలిన్ చేస్తది. నాలుగు లెక్కల ఒకటికి మూడుకు బేస్ (లావు గొంతు పెద్ద వాయిద్యం) పడుతది, రెండుకు నాలుగుకు చాప్. మన ఊర్ల భజనల చిరుతలు ఎట్లనో గట్లనే, పాట ఎవరు పాడినా చిరుతలు తప్పితే మొత్తం తప్పినట్టే.

నీకు మోగుతున్నది ఎందుకంటే ఖాళీ తీగలున్న కార్డ్ పట్టుకుంటున్నవ్ అనుకుంటున్న. జీ కార్డ్ సులువుగ పట్టేది 0-0-2-3, అంటే లావు తీగ నుంచి లెక్క, ఏ మెట్టు నొక్కాల్నో ఆ అంకె, సున్న అంటే ఖాళీ తీగ, అది పాటకు మంచిగుంటది, చాప్‌కు పనికి రాదు, ఖాళీ తీగలను ఆపేటందుకు వేలే లేదు కదా. చాప్‌కు పట్టేది 7-5-2-3, నాలుగు వేళ్లూ పడాలె, ఒక్క తీగ సుత ఖాళీగ ఉండొద్దు. చిటికెన వేలు ఏడో మెట్టు దాకా సాగాలె, మొదట్ల సాగదు, అది అందేదాక పై లావు జత వదిలిపెట్టి మిగతా మూడే కొట్టు, నష్టం లేదు. కొట్టినంక వేళ్లు తీగ మీద నుంచి లేపకు, ఒత్తిడి ఒక్కటే వదులు, గప్పుడే మోత చచ్చిపోయి చక్ అని మిగులుతది. కుడి చెయ్యి మణికట్టు వదులుగ ఉండాలె, భుజం నుంచి కొట్టొద్దు. పిక్ (తీగ మీటే బిళ్ల) మందంది తీసుకో, ఒక మిల్లీమీటర్ దాటింది, గిటార్‌కు వాడే పల్చటిదాన్తోని ఈ దెబ్బ రాదు.

ఈ చాప్‌కు పేరు తెచ్చింది బిల్ మన్రో. కెంటకీల రోజీన్ అనే చిన్న ఊరు, 1911ల పుట్టిండు, ఇంట్ల అందరికంటె చిన్నోడు. అన్నలు ఫిడేల్, గిటార్ పట్టుకున్నంక ఈయనకు మాండొలిన్ మిగిలింది, చప్పుడు ఎక్కువైతదని ఎనిమిదిల నాలుగు తీగలే ఉంచి వాయించుమన్నరని చెప్తరు. 1939ల బ్లూ గ్రాస్ బాయ్స్ అని బృందం పెట్టిండు, ఆ పేరే తర్వాత సంగీతానికి వచ్చింది. ఆయనకు పేరు తెచ్చిన మాండొలిన్ గిబ్సన్ కంపెనీ ఎఫ్-5, 1923ది, మయామీల ఒక మంగలి దుకాణంల కనబడితే 150 డాలర్లు పెట్టి కొన్నడు. 1946, 47ల రికార్డింగులు విను, ఎర్ల్ స్క్రగ్స్ బాంజో, లెస్టర్ ఫ్లాట్ గిటార్ ఉన్నయి. ఒక పాట పెట్టుకొని బాంజో మీదికి మనసు పోనియ్యకుండ మాండొలిన్ చాప్ ఒక్కటే చెవిన పెట్టి ఆఖరుదాక విను, నేను అట్లనే నేర్చుకున్న.

అచ్చంపేట_రాగం:
నేను సార్ దగ్గరికి పొమ్మనే అంట. కొందరు వద్దంటరు, రెండు పద్ధతులు కలిస్తే గందరగోళం అని, నాకైతే అట్ల అనిపియ్యలే. స్వరం పట్టుకునుడు, తాళం, కాలాలు మార్చి అదే వరుసను రెండో కాలంల వాయించుడు, ఇవి ఎవ్వరూ వీడియోల నేర్పరు, ఎదురుగ కూసోబెట్టుకొని నేర్పాలె. శ్రీనివాస్ గారు ఎక్కడోళ్లు, పాలకొల్లు, ఆయన సుత మన దేశంల పుట్టని వాయిద్యం పట్టుకొని గమకాల కోసం దాని తీగలే మార్చిండు, జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టిండు. అట్లాంటిది నీకు సా-పా శ్రుతి ఏం అడ్డం కాదు. ఒక్కటి మాత్రం సార్‌తోని ముందే మాట్లాడు, నా మాండొలిన్ జీ డీ ఏ ఈ లనే ఉంచుకుంట, పాఠం దాని మీదనే చెప్పుండ్రి అని. అది పడమటి దేశాల వయొలిన్ శ్రుతే. మెత్తగ జారే గమకం ఎనిమిది తీగల మీద అంతగ రాదు, బ్లూగ్రాస్‌కు దాని అవసరం సుత అంతగ లేదు.

దేవరకొండ_అక్క:
@అచ్చంపేట_రాగం గమకం దాక ఒప్పుకుంట, కానీ కుడి చెయ్యి సంగతి నువ్వు మరిచినవ్. సార్ పద్ధతిల ఎక్కువ చూసేది ఎడమ చెయ్యి, ఇక్కడ చూసేది కుడి చెయ్యి. దెబ్బ లెక్క మీద కిందికి, లెక్కల మధ్యల పైకి, ఈ వరుస తీగలు మారినా తప్పొద్దు. ఇది సార్ పట్టిచ్చుకోకపోవచ్చు, కాబట్టి పాఠం సార్ దగ్గర తీసుకున్నా పిక్ దెబ్బ ఇంట్ల మెట్రోనోమ్ (టిక్కు టిక్కుమని లెక్క చెప్పే యంత్రం) పెట్టుకొని వేరే సాధన చెయ్యాలె. మెట్రోనోమ్ నిమిషానికి యాభై టిక్కుల మీద పెట్టు, ఆ టిక్కు బేస్ అనుకో, టిక్కుకు టిక్కుకు సరిగ్గ నడుమ నీ చాప్ పడాలె. టిక్కు మీద కొట్టుడు సులువు, నడుమ కొట్టుడే కష్టం, అదే బ్లూగ్రాస్.

అచ్చంపేట_రాగం:
సరే అక్కా, కుడి చెయ్యి మాట నిజమే.

పాలమూరు_తీగ:
మస్తు థాంక్స్ అందరికి. మూడో మెట్టు నొక్కి చూసిన, సందు బాగనే కనబడుతున్నది, బాగుచేసేటాయనకు ఇస్త. 7-5-2-3 పట్టిన, చిటికెన వేలు అందుతలేదు కానీ మూడు జతలతోని కొడితే ఒక్కసారి చక్ అన్నది, మా అమ్మ వంటింట్ల నుంచి తొంగి చూసింది! సార్‌ను ఆదివారం అడుగుత. ఆఖరు ప్రశ్న, తీగలు ఏవి కొనాలె? ఇక్కడ దుకాణంల అడిగితే గిటార్ తీగలు చూపిస్తున్నరు.

నల్లగొండ_ఫ్రెట్:
అవి పనికి రావు. గిటార్ తీగ చివర చిన్న గుండు ఉంటది, మాండొలిన్ తీగ చివర ఉంగరం అల్లి ఉంటది, తోక దగ్గర కొక్కేనికి తగిలిచ్చేందుకు. లూప్ ఎండ్ అని అడుగు, లేదంటే ఆన్‌లైన్‌ల తెప్పిచ్చుకో. బ్లూగ్రాస్‌కు చాలామంది 11-40 సెట్ (అంకెలు తీగల మందం, సన్నటిది నుంచి లావుది దాక) వేస్తరు, డాడారియో కంపెనీ ఈజే 74 అదే. నీకు ఇంకా వేళ్లు కాయలేదు కాబట్టి ముందు 10-38 వెయ్యి, అది ఈజే 73. ఎనిమిదీ ఒక్కసారి విప్పకు, బ్రిడ్జి పడిపోతది, ఒక జత తీసి ఒక జత వేసుకుంట పో. అయిపోయినంక ఆ పన్నెండో మెట్టు పరీక్ష మళ్లొకసారి చెయ్యి.