సగం యాక్సిలరేటర్‌లో ముక్కుతున్న పాత బండి: కార్బ్యురేటర్‌లో నీడిల్ క్లిప్ మార్చాలా, నీడిల్ జెట్ మార్చాలా?

నెల్లూరులో మా నాన్నగారు ఏళ్ల తరబడి నడిపిన వంద సీసీ టూ స్ట్రోక్ బండిని ఇటీవల బెంగళూరుకు, మారతహళ్లిలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. అక్కడ ఏ ఇబ్బందీ పెట్టని బండి ఇక్కడ ఐడ్లింగ్‌లో నిలకడగా ఉంటూ, పూర్తి యాక్సిలరేటర్‌లోనూ బాగానే లాగుతూ, పావు నుంచి సగం వరకు తిప్పినప్పుడు మాత్రం గొంతుకేదో అడ్డుపడినట్టు ముక్కుతోంది. ఆ వేగంలోనే కొంత దూరం నడిపి, ఇంజన్ ఆపి ప్లగ్గు విప్పితే, పెట్రోలు ఎక్కువవుతోందనడానికి గుర్తుగా వేలికి అంటుకునే నల్లటి మసి కనిపిస్తోంది.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నందున గాలి పలచబడి మిశ్రమంలో పెట్రోలు పాలు పెరుగుతుందని తెలుసు గానీ, అదొక్కటే కారణమైతే పెట్రోలును మెయిన్ జెట్ అనే రంధ్రం నియంత్రించే పూర్తి యాక్సిలరేటర్ దగ్గర కూడా తేడా తెలియాలి కదా! ఎయిర్ ఫిల్టర్ కడిగాను, కార్బ్యురేటర్ గిన్నెలో పెట్రోలు ఎత్తును నిర్ణయించే ఫ్లోట్ మట్టం సరిచూశాను, చోక్ కూడా పూర్తిగా ఆఫ్ అవుతోంది. మిశ్రమంలో గాలి పాలును సరిచేసే ఎయిర్ స్క్రూ తిప్పితే చాలునని మెకానిక్ గారు అంటున్నారు. దాని ప్రభావం ముఖ్యంగా ఐడ్లింగ్ దగ్గరే కనుక నాకు నమ్మకం కుదరడం లేదు.

సగం యాక్సిలరేటర్‌లో పెట్రోలును నియంత్రించే సూదిని (నీడిల్) పట్టి ఉంచే క్లిప్ ప్రస్తుతం మధ్య గాడిలో ఉంది. దాన్ని ఒక గాడి పైకి మార్చి నీడిల్‌ను కిందికి దించితే సరిపోతుందా? నీడిల్ మీద ఒకవైపు మెరిసే గీత ఉంది కాబట్టి, అది కదిలే నీడిల్ జెట్ రంధ్రమే అరిగి పెద్దదయిందని అనుకోవాలా? టూ స్ట్రోక్ బండిలో మిశ్రమాన్ని మరీ పలచబరిచి, అంటే పెట్రోలు మరీ తగ్గించి, పిస్టన్ పట్టేసేలా చేసుకోవడం నాకిష్టం లేదు. ఇక్కడి జేసీ రోడ్డులో దొరికే కార్బ్యురేటర్ కిట్లలోని నీడిల్, జెట్ పాతవాటి కొలతలకు సరిపోతాయో లేదో కొనేముందే ఎలా పోల్చుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి తెలుపగలరు.