తెలుగు పేర్లు కుదిస్తే ఒత్తు తెగుతోంది, సెర్చ్‌లో «కైలాసగిరి» ఒక్కోసారి దొరకట్లేదు

గాజువాక_డెవ్:
విశాఖ బస్సు స్టాపుల జాబితాతో చిన్న వెబ్ యాప్. ఫ్రేమ్‌వర్క్ లేదు, ఉత్త జావాస్క్రిప్టే. మ్యాప్ మీద చోటు చాలక పేరును స్లైస్‌తో (ముక్క కోసే ఫంక్షన్) మూడక్షరాలకు కుదిస్తుంటే «మద్దిలపాలెం» కాస్తా «మద్» అయి పొల్లు దగ్గర ఆగిపోతోంది. ఇంకోటి, «కైలాసగిరి» అని వెతికితే ఒక ఫోన్లో వస్తుంది, ఇంకో ఫోన్లో రాదు. చూడ్డానికి రెండూ ఒకటే. కొత్త లైబ్రరీ ఏదీ తగిలించకుండా కుదురుతుందా? ఇవన్నీ ఎక్కడ చదివి నేర్చుకోవాలి?

రుషికొండ_ఫ్రంటెండ్:
కుదురుతుందండి. స్లైస్, లెంగ్త్ లెక్కపెట్టేవి మన అక్షరాలను కాదు, యూనికోడ్ గుర్తులను. మద్దిలపాలెంలో అవి 11: గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. «ద్ది» ఒక్కటే నాలుగు.

దీనికి బ్రౌజర్‌లోనే ఉండే, పేరును అక్షరాలుగా విడదీసే ఇంటల్ డాట్ సెగ్మెంటర్ (Intl.Segmenter) వాడండి. భాష «te», గ్రాన్యులారిటీ «grapheme» (అంటే అక్షరం చొప్పున) ఇచ్చి, లూప్ బయట ఒక్కసారే తయారుచేసుకోండి. ప్రతి పేరుకూ కొత్తది చేస్తే జాబితా నత్తనడక నడుస్తుంది. సెగ్మెంట్ ఇచ్చేదానికి లెంగ్త్ ఉండదు, అర్రే డాట్ ఫ్రమ్‌తో మార్చుకోవాలి. క్రోమ్‌లో 2020 నుంచి ఉంది. ఫైర్‌ఫాక్స్‌కు 2024 ఏప్రిల్‌లో, 125వ వెర్షన్‌తో వచ్చింది.

ఇక్కడే ఒక మెలిక. సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం 2023లో యూనికోడ్ 15.1తో చేరింది. కాబట్టి కొత్త బ్రౌజర్ మ, ద్ది, ల, పా, లెం అని 5 ముక్కలిస్తే, పాతది ద్, ది అని చీల్చి 6 ఇవ్వొచ్చు. కోసిన చోట పొల్లు మిగిలి, తర్వాతి ముక్క హల్లుతో మొదలైతే ఆ ముక్కనూ కలుపుకోండి. తర్వాత ఖాళీ ఉంటే కలపొద్దు: «ఆర్కే బీచ్ రోడ్»లో బీచ్ పొల్లుతోనే ముగియాలి.

సీతమ్మధార_బ్యాకెండ్:
కైలాసగిరి చిక్కు «కై» దగ్గర ఉంటుంది. ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం కింద ఐత్వపు గుర్తు వేరుగా పెట్టీ రాయొచ్చు. తెరమీద తేడా తెలీదు. లెంగ్త్ అడిగితే ఒకటి 9, ఇంకోటి 10. డేటాబేస్‌లో పెట్టేటప్పుడూ, వెతికేటప్పుడూ నార్మలైజ్ పిలిచి «ఎన్‌ఎఫ్‌సీ» (NFC, రెండు రాతలనూ ఒకే రూపానికి తెచ్చే పద్ధతి) ఇవ్వండి. ఒకవైపే చేస్తే ఫలితం ఉండదు.

«స్టీల్‌ప్లాంట్» లాంటి పేర్లకు ఇది చాలదు. ల్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అని, పక్క అక్షరం ఒత్తుగా కలవకుండా ఆపే కనపడని గుర్తు ఉంటుంది. కొందరు అది లేకుండా, కొందరు మధ్యలో ఖాళీతో కొడతారు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని తీసెయ్యదు. సెర్చ్ కోసం వేరే కాలమ్ పెట్టి, అందులో ఆ గుర్తునూ ఖాళీలనూ తీసేయండి. చూపించే పేరును మాత్రం ముట్టుకోవద్దు, అది పోతే ల కింద ప ఒత్తు చేరి పేరే పాడవుతుంది.

రుషికొండ_ఫ్రంటెండ్:
కార్డుల్లో అయితే అసలు కోయకండి, సీఎస్‌ఎస్‌లో టెక్స్ట్ ఓవర్‌ఫ్లో ఎలిప్సిస్ (పట్టని చోట మూడు చుక్కలు పెట్టేది) చాలు. లైన్ హైట్ 1.2 ఉంటే ఓవర్‌ఫ్లో హిడెన్ కింద ఒత్తులు తెగిపోతాయి, 1.6తో మొదలుపెట్టి «స్త్రీ», «రాష్ట్రం» పెట్టి చూడండి.

చదవడానికి ముందు ఎండీఎన్‌లో (MDN, వెబ్ డెవలపర్ల రిఫరెన్స్ సైట్) సెగ్మెంటర్, నార్మలైజ్ పేజీలు. ప్రతి పేజీ పైనా బేస్‌లైన్ గుర్తు ఉంటుంది: ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చి 30 నెలలు దాటితేనే «విస్తృతంగా అందుబాటులో» అంటుంది. వీడియో పాఠాలకంటే ఆ గుర్తును నమ్మండి. ఆ తర్వాత యూనికోడ్ వాళ్ల 29వ అనుబంధం. బరువైనదే, అయినా అక్షరం ఎక్కడ తెగాలో తేల్చే మూలం అదే.

గాజువాక_డెవ్:
డేటాబేస్‌లోని పాత వరసలన్నిటికీ ఎన్‌ఎఫ్‌సీ ఒకసారి నడిపితే సరిపోతుందా, ఇండెక్స్ కూడా మళ్లీ కట్టాలా?

సీతమ్మధార_బ్యాకెండ్:
అప్‌డేట్‌తో ఇండెక్స్ దానంతటదే మారుతుంది. కానీ ముందు యూనిక్ కాలమ్‌లు (ఒకే విలువ రెండుసార్లు ఉండకూడనివి) చూసుకోండి: రెండు రకాల కైలాసగిరీ ఒకటే అయిపోయి, డూప్లికేట్ అని అప్‌డేట్ మధ్యలో ఆగుతుంది. వాటిని ముందే కలిపేయండి.