కాకి చేసింది ఉపాయమా, పనితనమా?

జంతువులు పుల్లల్నీ రాళ్లనీ వాడుకోవడం గురించి రాసేటప్పుడు ఏ మాట వాడాలని అడిగారు. ‘పనిముట్టు’ అనడానికి నాకే అభ్యంతరమూ లేదు. ఆ మాటలో మనిషీ లేడు, చెయ్యీ లేదు. ముట్టు అంటేనే పరికరం. చిక్కల్లా ‘ఉపాయం’ దగ్గరే.

దారి మూసుకుపోయినప్పుడు అప్పటికప్పుడు తట్టేదాన్ని మనం ఉపాయం అంటాం. ‘ఉపాయం లేనివాణ్ణి ఊళ్లోంచి వెళ్లగొట్టాలి’ అన్న సామెతలోనూ అర్థం అదే. గిజిగాడు ఎంత గొప్ప గూడు అల్లినా దాన్ని పనితనం అంటాం గానీ ఉపాయం అనం.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పడానికి బెట్టీ కథ చాలు. బెట్టీ పసిఫిక్ సముద్రంలోని న్యూ కాలిడోనియా దీవుల జాతి కాకి. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో, గొట్టం అడుగున ఉన్న చిన్న బకెట్టును పైకి లాగడానికి తిన్నని లోహపు తీగను తనే కొక్కెంలా వంచింది. అది అక్కడికక్కడ తట్టిన ఆలోచనేనని లోకమంతా అబ్బురపడింది. 2016లో వచ్చిన పరిశోధనలో, ఆ దీవుల్లో పుట్టి పెరిగిన కాకులు కొక్కెపు పుల్లలు చేసుకుంటూ వాటిని వంచడం కూడా మామూలేనని తేలింది. అంతకుముందే, 2005లో, మనుషులు పెంచిన అదే జాతి పిల్లకాకులు ఎవరూ చూపించకుండానే పుల్లలతో తిండి తీసుకోవడం గమనించారు. అందుకే బెట్టీ విషయంలో నేను ‘పనితనం’ అనే రాస్తాను.

“అయితే దానికి తెలివి లేదంటారా?”

అలా అననండీ. లోహపు తీగ అంటే చెట్టు పుల్ల కాదు, దాని వంపు వేరు, అయినా వంచింది. అయితే అందులో పుట్టుకతో వచ్చిందెంత, ఆలోచించిందెంత అన్నది ఆ ఒక్క దృశ్యం తేల్చలేదు. రూక్ అనే కాకి జాతిని చూడండి. బయట అవి పనిముట్లు వాడినట్టు కనిపించదు. కానీ 2009లో కేంబ్రిడ్జ్‌లో పెంచిన రూక్‌లు తీగను కొక్కెంగా వంచి తిండి పైకి తీశాయి. అక్కడ ‘ఉపాయం’ అని నిస్సంకోచంగా రాస్తాను. పనిముట్టు అలవాటు లేని పక్షికే ఆ పని చేతనైందంటే, పనిముట్టును బట్టి బుద్ధిని కొలవడం ఎంత పొరపాటో చూడండి!

మన దేశంలోనే, కర్ణాటకలోని నాగరహొళెలో 13 పెంపుడు ఏనుగులకు పొడవాటి కొమ్మలిస్తే, ఎనిమిది వాటిని పొట్టి చేసుకుని ఈగలు తోలుకున్నాయి. దీనికి ‘సవరించుకున్నాయి’ అనే రాస్తాను. ఉపాయం అనాలంటే, అవి మొదటిసారి ఆ పని ఎలా చేశాయో ఎవరైనా చూసి ఉండాలి.