"హెచ్చరించుచు" అంటే వార్నింగా? బైబిల్లో హెబ్రీ పత్రిక 10:24-25 లో ఒక మాట గురించి

అందరికీ నమస్తే, నాది అనంతపురం. ఒక మాట మీద డౌటు, కొంచెం కోపం కూడా ఉండాది అనుకోండి. నైట్ డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి తొమ్మిదవుతాది, మా ఆరాధన ఎనిమిదిన్నరకు, అట్లా నాలుగు ఆదివారాలు వరసగా పోలేకపోతి. మొన్న సంఘంలో ఒక పెద్దాయన వాట్సాప్ లో బాగున్నావా అని కూడా అడక్కుండా ఈ వాక్యం ఒక్కటే పంపించినాడు: "కొందరు మానుకొనుచున్నట్టుగా, సమాజముగా కూడుట మానక, ఒకనినొకడు హెచ్చరించుచు". అంటే నాకు వార్నింగ్ ఇస్తాండాడనేనా? ఈ హెచ్చరించు అనే మాటకు పాత తెలుగులో ఇంకేమన్నా అర్థం ఉందా, తెలిసినోళ్లు చెప్పండి.

రాయదుర్గం నుంచి:
తమ్ముడూ, నేను టీచర్ని, మాది సగం కన్నడం ఇల్లు. కన్నడంలో ఎచ్చర అంటే మెలకువ. పొద్దున్నే "ఎచ్చర ఆయ్తా?" అంటే మెలకువ వచ్చిందా అని. ఎచ్చరిసు అంటే మెలకువ చేయడం, జాగ్రత్త చెప్పడం, రెండూ. మన హెచ్చరిక ఆ మాటకు చుట్టమే. త్యాగరాజస్వామి "హెచ్చరికగా రారా" అని రాముణ్ణి పిలిచినాడు కదా, రాముడికి వార్నింగ్ ఎవరిస్తారు, పదిలంగా రా నాయనా అని. ఇప్పుడు మనకు హెచ్చరిక అంటే కరెంటు స్తంభం మీద పుర్రె బొమ్మే గుర్తొస్తాది, అదీ తంటా.

గుత్తి నుంచి:
అక్క చెప్పింది కరెక్టు. గ్రీకులో అక్కడుండేది పరకలేయో అనే క్రియ, పక్కకు పిలవడం, ధైర్యం చెప్పడం, బతిమాలడం అన్నీ దాంట్లోనే ఉండాయి. ఆ క్రియలోంచి పుట్టిన మాటకే యోహాను 14:16 లో మనవాళ్లు "ఆదరణకర్త" అని పెట్టినారు. ఒకే వేరు, ఒకచోట ఆదరణ, ఇంకోచోట హెచ్చరిక. రోమా 12:8 లో వరాల లిస్టులో "హెచ్చరించువాడైతే హెచ్చరించుటలోను" అని వస్తాది చూడు, వార్నింగ్ ఇచ్చేది కూడా ఒక వరమేనా అని చిన్నప్పుడు నవ్వుకుంటా ఉంటిమి.

మా అవ్వ ఉన్నప్పుడు మొదటి గంట కొడతానే లేచి కొంగులో పిడికెడు బియ్యం మూట కట్టుకునేది, రెండో గంటకల్లా కిటికీ పక్కన చాప మీద ఆమె జాగాలో ఉండాల. ఒక ఆదివారం పోకపోతే మధ్యాన్నానికి ఇద్దరు ఆడోళ్లు గడప దగ్గర నిలబడి "ఏమక్కా, మీ చాప ఖాళీగా ఉండె, మోకాళ్లు మళ్లీ పట్టుకున్యాయా" అని అడిగేవాళ్లు, ఒకామె చేతిలో ఆవాల నూనె సీసా. హెచ్చరించడమంటే నాకు ఆ సీసానే.

కడప నుంచి:
అంతా బాగుంది గానీ అన్నా, 2020 లో అందరం ఫోన్ లోనే చూసినాం, దేవుడు ఏమన్నా తక్కువైనాడా? ఇప్పుడు యూట్యూబ్ లో ఇంకా మంచి ప్రసంగాలొస్తాయి, ఆ మైకు గోల లేకుండా.

గుత్తి నుంచి:
ప్రసంగం కోసమైతే ఫోనే బెటర్, ఒప్పుకుంటా. కానీ "ఒకనినొకడు" అని ఉండాది చూడు, ఆ మాటకు ఇద్దరు కావాల. ఫోన్ లో పాస్టరు గారు నిన్ను హెచ్చరిస్తాడు, సరే, నువ్వు ఎవర్ని హెచ్చరిస్తావు, లైక్ కొడతావు అంతే కదా. మంచంలో ఉన్న ముసలోళ్లకు ఫోన్ పెట్టిస్తే అది వేరే సంగతి, వాళ్లను ఎవురూ ఏమీ అనకూడదు.

కర్నూలు నుంచి:
హెచ్చరిక సంగతి తేలింది, "సమాజముగా" సంగతి ఎవురూ ముట్టుకోలేదే. మా పిల్లోడు దాన్ని సొసైటీ అనుకున్యాడు. ఇక్కడ సమాజం అంటే ఒకచోట చేరిన జనం, యూదుల ప్రార్థనశాలకు సమాజమందిరము అన్నది అందుకే. లూకా 4:16 లో యేసు "తన వాడుక చొప్పున" విశ్రాంతిదినాన సమాజమందిరంలోకి పోయినాడని ఉండాది. పాలు పోసే ఆమెను మనం "వాడిక" అంటాం కదా, వానొచ్చినా పండగొచ్చినా వచ్చేది, ఆ వాడికే ఇది. మజా ఏందంటే గ్రీకులో హెబ్రీ 10:25 లో కూడా అలవాటు అనే మాటే ఉండాది, లూకాలోని మాటకు దగ్గరి చుట్టం. అక్కడ ఆయనకు పోవడం అలవాటు, ఇక్కడ కొందరికి మానడం అలవాటు. తెలుగులో మాత్రం ఆ మాట రాలా, "మానుకొనుచున్నట్టుగా" తో సరిపెట్టేసినారు. నాలుగు వారాల డ్యూటీ అలవాటు కిందికి రాదులే తమ్ముడూ, పదిహేనో వారం అయితే మాట్లాడుకుందాం.

అనంతపురం నుంచి (పోస్టు పెట్టినోణ్ణే):
అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పిందంతా వినేసి, పాపం పెద్దాయన మెలకువ చేస్తాండాడేమోలే అని కరిగిపోయి నిన్న రాత్రి ఫోన్ చేస్తి. ఎచ్చర, ఆదరణకర్త, త్యాగరాజస్వామి, అంతా చెప్పినా. ఆయన ఓపిగ్గా విని, "అవన్నీ నాకు తెలీవప్పా, నేను పంపించింది వార్నింగే. సాయంత్రం ఆరున్నరకు ఇంకో ఆరాధన పెట్టి ఆర్నెల్లాయ, నీకు తెలీదా" అన్నాడు.
నిజంగా తెలీదు.