ఎంఎఫ్ కిట్టుతో 1971 నాటి మిగ్-21ఎఫ్‌ఎల్ తయారుచేయవచ్చా?

ఓరుగల్లు రెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నా దగ్గర ఎడ్వార్డ్ వారి 1/48 స్కేలు ప్లాస్టిక్ నమూనా కిట్టు ఒకటి ఉంది, అది మిగ్-21 యుద్ధవిమానంలో తరువాతి రకమైన మిగ్-21ఎంఎఫ్‌ది. భాగాలన్నీ పరిశీలించాను గాని, ఇంకా ఒక్క ముక్కను కూడా స్ప్రూ (భాగాలను పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) నుంచి వేరుచేయలేదు. పెట్టెలో ఇచ్చిన గుర్తులతో కాకుండా, 1971 డిసెంబరులో ఢాకా మీదికి వెళ్లిన మన వైమానిక దళపు మిగ్-21ఎఫ్‌ఎల్‌గా దీనిని మలచాలని నా కోరిక.

మా పెదనాన్నగారు బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో పనిచేసి పదవీ విరమణ చేశారు. మిగ్‌ల ఎలక్ట్రానిక్ పరికరాల తయారీ కోసమే 1965లో ఆ విభాగాన్ని నెలకొల్పారు కాబట్టి, ఆయన ఉద్యోగ జీవితం చాలావరకు ఈ విమానంతోనే గడిచింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికిన నాటి నుంచి, ఆయన చేతిలో పెట్టదగిన నమూనా ఒకటి శ్రద్ధగా తయారుచేయాలని అనుకుంటున్నాను. ఎంఎఫ్ ఆకారాన్ని ఎఫ్‌ఎల్‌గా మార్చాలంటే ఎక్కడెక్కడ కోయాలో, ఎక్కడ పుట్టీ పెట్టాలో తెలిసినవారు చెప్పగలరా? రంగుల విషయంలో కూడా సలహా కావాలి, ఎందుకంటే ఆనాటి ఫొటోలలో ఒక విమానానికీ మరొక విమానానికీ పోలిక కనిపించడం లేదు.

గోదావరి మోడలర్

మీ సంకల్పం చాలా బాగుంది. అయితే దయచేసి ఆ ఎంఎఫ్ కిట్టు మీద రంపం పెట్టకండి. ఎంఎఫ్‌కూ ఎఫ్‌ఎల్‌కూ మధ్య ఉన్న తేడా పైపై మార్పులతో పూడేది కాదు.

అన్నిటికన్నా ముందు వెన్ను సంగతి చూడండి. ఎంఎఫ్‌లో పైలట్ వెనుక నుంచి తోక రెక్క దాకా సాగే వెన్ను ఎత్తుగా, లావుగా ఉంటుంది. ఎఫ్‌ఎల్‌లో అదే భాగం సన్నగా, తక్కువ ఎత్తులో ఉంటుంది. దానిని అరగదీసి సన్నబరచడం మొదలుపెడితే తోక రెక్క మొదలు, కానోపీ (పైలట్ మీది అద్దపు కప్పు) వెనుక అంచు, వాటి చుట్టూ ఉన్న రివెట్లు, ప్యానెల్ గీతలు అన్నీ మళ్లీ చెక్కుకోవలసి వస్తుంది. ఎంఎఫ్ కడుపులో 23 మి.మీ. జంట గొట్టాల జీఎస్‌హెచ్-23ఎల్ ఫిరంగి అమర్చి ఉంటుంది. ఎఫ్‌ఎల్‌కు లోపలి ఫిరంగి లేనే లేదు. ఎంఎఫ్ రెక్కల కింద ఆయుధాలు తగిలించే పైలాన్లు నాలుగు ఉంటే, ఎఫ్‌ఎల్‌కు రెండే. ముక్కు మీది, గాలివేగం కొలిచే పొడవాటి పిటాట్ గొట్టం ఎంఎఫ్‌లో కుడివైపుకు జరిగి ఉంటుంది, ఎఫ్‌ఎల్‌లో నడినెత్తిన ఉంటుంది.

చూడగానే పట్టిచ్చేది మాత్రం కానోపీ. ఎంఎఫ్‌లో ముందరి అద్దం కదలకుండా ఉండి, దాని వెనుక భాగం కుడిపక్కకు తెరుచుకుంటుంది. ఎఫ్‌ఎల్‌లో ముందరి అద్దంతో సహా కానోపీ మొత్తం ఒకే ముక్కగా ముందుకు లేస్తుంది, ఎందుకంటే పైలట్ సీటుతో బయటకు ఎగిరినప్పుడు ఎదురుగాలి నుంచి అతనిని కాపాడే కవచంగా ఆ కానోపీనే వాడుకునేలా ఆ కాలపు ఎస్‌కే సీటును రూపొందించారు. నమూనాలో కానోపీ తెరిచి చూపించదలచుకున్నవారు ఈ ఒక్క విషయం గమనించకపోతే, మిగతా పనితనం ఎంత బాగున్నా అది ఎఫ్‌ఎల్ కాదు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, ఎఫ్‌ఎల్ అనేది పీఎఫ్ రకానికి ఆర్2ఎల్ రాడార్‌తో తయారైన ఎగుమతి రూపం కనుక పీఎఫ్ కిట్టుతో మొదలుపెట్టండి. ఎడ్వార్డ్ వారే 1/48 స్కేలులో పీఎఫ్, దాని తరువాతి రకమైన పీఎఫ్‌ఎం రెండూ తెచ్చారు. కొనేముందు తోక రెక్క తప్పక చూసుకోండి: తొలి పీఎఫ్‌ల తోక రెక్క ఇరుకైనది, ఎఫ్‌ఎల్‌ది వెడల్పైనది, దాని మొదట్లో, ఎగ్జాస్ట్‌కు పైన, బ్రేక్ పారాచూట్ గూడు గుండ్రంగా పొడుచుకొని ఉంటుంది. ఆ తోక పీఎఫ్ కిట్టులో దొరకకపోతే పీఎఫ్‌ఎం కిట్టు నుంచి తీసుకోవచ్చు.

మీ ఎంఎఫ్ కిట్టు కూడా వృథా పోదు. నాసిక్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేసిన మిగ్-21ఎం, అంటే మనవాళ్లు టైప్ 96 అని పిలిచే విమానం, బయటి ఆకారంలో ఎంఎఫ్‌కు చాలా దగ్గరిది. ప్రధానమైన తేడా ఇంజిన్‌లో ఉంది. కాని అది 1971 యుద్ధం తరువాత వచ్చినది, కాబట్టి ఢాకా దాడికి పనికిరాదు.

పాత ఎయిర్‌మన్

నేను ఎఫ్‌ఎల్‌ల మీద నేలపనులు చేసినవాడిని. 1971 నాటికి దళంలో చేరలేదు గాని, ఆ తరువాత చాలాకాలం టైప్ 77 అనే పేరుతోనే ఆ విమానాన్ని చూసుకున్నాను. గోదావరి మోడలర్ గారు చెప్పిన దానికి ఆయుధాల సంగతి కలుపుతాను, ఎందుకంటే ఏ రోజు విమానం చేస్తున్నారో తేల్చుకోనిదే రెక్కల కింద ఏమి తగిలించాలో తేలదు.

డిసెంబరు 6న ఢాకాలోని తేజ్‌గావ్ విమానాశ్రయపు రన్‌వే మీద పడినవి 500 కిలోల బాంబులు. డిసెంబరు 14న ఢాకా గవర్నమెంట్ హౌస్ మీద ప్రయోగించినవి 57 మి.మీ. రాకెట్లు, రెక్క కింద తగిలించే ఒక్కొక్క యూబీ-16 పాడ్‌లో (రాకెట్ల గూడులో) పదహారు రాకెట్లు ఉంటాయి. పడమటి వైపు డిసెంబరు 12న కచ్ సింధుశాఖ దగ్గర 47వ స్క్వాడ్రన్ ఎఫ్‌ఎల్ ఒకటి పాకిస్తాన్ ఎఫ్-104ను కూల్చింది జీపీ-9 ఫిరంగి పాడ్‌తో. ఆ పాడ్ కడుపు మధ్యన కూర్చుంటుంది, కాబట్టి దానిని పెట్టినప్పుడు అక్కడ ఇంధనపు ట్యాంకు ఉండదు. ఈ రెండింటినీ ఒకే నమూనాకు తగిలించినవారిని చూశాను. అది సాధ్యం కాదు. మీరు ఢాకా అన్నారు కనుక యూబీ-16 పాడ్‌లు రెండూ, కడుపు కింద ట్యాంకూ పెట్టండి.

మరకల విషయంలో ఒక మాట. ఈ విమానాన్ని మురికి విమానంగా చూపించకండి. మేము రోజూ తుడిచేవాళ్లం. రెక్క మొదట్లో మనుషులు ఎక్కి దిగే చోట మెరుపు తగ్గుతుంది, ఇంధనం నింపే మూతల దగ్గర సన్నటి జాడలు ఉంటాయి, ఎగ్జాస్ట్ లోపలి గోడ కాలిన గోధుమ, బూడిద రంగుల్లోకి మారుతుంది. అంతకు మించి పూస్తే అది మేము చూసుకున్న విమానంలా ఉండదు.

ఓరుగల్లు రెక్కలు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. పీఎఫ్ కిట్టు తెప్పించుకుంటాను. ఎంఎఫ్ కిట్టును టైప్ 96 కోసం దాచుకుంటాను. డిసెంబరు 14 నాటి విమానమే చేయాలని నిర్ణయించుకున్నాను. ఇక మిగిలినది రంగు. లోహపు మెరుపు మీద ఆకుపచ్చ పూసినట్టు ఫొటోలలో కనిపిస్తోంది. ఎయిర్‌బ్రష్ ఉంది, కాని వర్షాకాలంలో ల్యాకర్ రంగులు తెల్లగా మసకబారుతున్నాయి. దానికి ఉపాయం ఏమిటి?

ఉక్కునగరం

విశాఖలో ఉండే నాకు ఆ మసకతో నిత్యం పనే. ల్యాకర్‌లోని ద్రావకం చాలా వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే అది ఆ చల్లని పొరపై చేరి రంగులో చిక్కుకుంటుంది. అందువల్ల నిదానంగా ఆరే రిటార్డర్ థిన్నర్ కొద్దిగా కలపండి, కంప్రెసర్‌కు తేమ పట్టే ఫిల్టర్ పెట్టండి, వాన పడుతున్నప్పుడు పని ఆపండి. మసక పట్టిన చోట పొర ఇంకా కొత్తదైతే, రిటార్డర్ ఒక్కటే పలుచగా చల్లితే చాలాసార్లు తేట పడుతుంది.

లోహపు రంగుకు ముందు పని చాలా ఉంది, నిజానికి అసలు పని అదే. మామూలు రంగు దాచే గీతలను లోహపు రంగు రెట్టింపు చేసి చూపిస్తుంది. అతుకులన్నీ 1000 నుంచి 2000 నంబరు వరకు తడి ఎమిరీ కాగితంతో రుద్ది, ప్రైమర్ వేసి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూసి, మళ్లీ రుద్దండి. తరువాత మెరిసే నల్ల రంగు వేసి పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద అల్యూమినియం ల్యాకర్‌ను తక్కువ పీడనంతో, పలుచని పొరలుగా చల్లండి. ఇంజిన్ ఉన్న వెనుక భాగంలో కొన్ని ప్యానెళ్లను ఒక ఛాయ ముదురుగా వేస్తే విమానం అంతా ఒకే రేకుతో చేసినట్టు కనిపించదు. మీరు విశాఖ వస్తే బీచ్ రోడ్డులోని టీయూ-142ను దగ్గరగా చూడండి. అది మిగ్ కాదు, ప్రొపెల్లర్ విమానం. అయినా సోవియట్ రివెట్ల వరుసలూ, ప్యానెళ్ల అంచులూ కళ్లారా చూస్తే చేతికి ఒక అంచనా వస్తుంది.

ఇప్పుడు ఆకుపచ్చ. 1971లో అనేక ఎఫ్‌ఎల్‌లకు ఆ రంగును స్థావరాల్లోనే హడావుడిగా చేత్తో వేశారు. అందుకే మీకు ఒకదానికొకటి పోలిక కనిపించలేదు. ఈ పనికి ఎయిర్‌బ్రష్ వద్దని నా గట్టి అభిప్రాయం. నాలుగు అంగుళాల కుంచెతో వేసిన ఒక పట్టె 1/48 స్కేలులో దాదాపు 2 మి.మీ. వెడల్పు ఉంటుంది. 2 మి.మీ. చదును కుంచెతో, నీటితో పలుచన చేసిన అక్రిలిక్ రంగును ఒక్కొక్క పట్టెగా లాగండి; అక్కడక్కడ కింది లోహం తొంగిచూడనివ్వండి. అక్రిలిక్ రంగు కింది ల్యాకర్‌ను కరిగించదు, కాబట్టి నచ్చని పట్టెను తడి గుడ్డతో వెంటనే తుడిచివేయవచ్చు. ఒకే విమానానికి రెండు పక్కల ఫొటోలు దొరికితే దానినే ఎంచుకోండి. ఒక పక్క ఫొటో చూసి రెండో పక్క ఊహించి వేయడం నాకు ఎప్పుడూ ఇష్టం లేదు.

గోదావరి మోడలర్

ఉక్కునగరం గారి కుంచె లెక్క అక్షరాలా పాటించదగినది. కాక్‌పిట్ రంగు మాటా చెప్పాలి: సోవియట్ విమానం అనగానే అందరూ నీలాకుపచ్చ వేస్తారు, అది తరువాతి రకాలలో ప్రసిద్ధమే గాని, పాత రకాలలో బూడిద రంగు కూడా కనిపిస్తుంది. కిట్టు సూచనల కంటే ఫొటోను నమ్మండి. చక్రాల హబ్‌లకు మాత్రం సోవియట్ విమానాల్లో పరిపాటి అయిన నిండు ఆకుపచ్చ వేయండి.

పిటాట్ గొట్టాన్ని ప్లాస్టిక్‌లో ఉంచకండి, తగలగానే విరుగుతుంది. మందుల దుకాణంలో దొరికే ఇంజెక్షన్ సూదులను ఒకదానిలో ఒకటి దూరేలా రెండు పరిమాణాల్లో తీసుకొని, మొనలు అరగదీసి అమర్చండి. ముక్కు కోన్ లోపల చేపల గాలానికి కట్టే సీసపు గుళ్లు పెట్టి జిగురుతో బిగించండి. రెండు సగాలను అతికించే ముందే టేపుతో పట్టి నిలబెట్టి, మూడు చక్రాల మీద నిలుస్తుందో లేదో చూసుకోండి.

గుర్తుల విషయంలో, మన వృత్తం బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ. ఇంట్లో లేజర్ ప్రింటర్‌తో పారదర్శక డెకాల్ (నీటిలో తడిపి అంటించే గుర్తు) కాగితంపై ముద్రిస్తే తెలుపు రాదు, లోహపు మెరుపు కిందనుంచి కనిపిస్తుంది. అందువల్ల వృత్తాలను పలుచని వినైల్ షీటులో మాస్కులుగా కోసి, ముందు తెలుపు, తరువాత కాషాయం, చివర ఆకుపచ్చ చల్లండి. 'సి'తో మొదలయ్యే నంబరు నల్లనిది కనుక దానికి డెకాల్ చాలు. వేసేముందు ఆ చోట మెరిసే వార్నిష్ వేసి, డెకాల్ కింద గాలి చిక్కకుండా తడి కుంచెతో మధ్య నుంచి అంచులకు ఒత్తండి. అతుకులు రుద్దే పని ముగిశాక ప్రైమర్ దశలో ఫొటోలు ఇక్కడ పెట్టండి. లోహపు రంగు ఎక్కకముందే చూస్తే, ఎక్కడైనా ఇంకా పని మిగిలి ఉంటే చెప్పడానికి వీలుంటుంది.